పార్ట్రిడ్జ్ అండ్ ఆరెంజ్: పట్టుదారం, ఒక్క ఈక. దీన్ని ఎందుకు పక్కన పెట్టేస్తున్నారు?

ఏటివాలు

ట్రౌట్ చేపల కోసం హుక్ మీద పురుగుల్లా కట్టే ఎరల, అంటే ఫ్లైల, మాట ఎక్కడ వచ్చినా బీడ్‌హెడ్ నింఫ్‌లు, స్ట్రీమర్లు, సీడీసీ ఎమర్జర్లు లాంటి కొత్త రకాలే. పార్ట్రిడ్జ్ అండ్ ఆరెంజ్ పేరెత్తితే "పాతకాలం వెట్ ఫ్లై (నీళ్లలో మునిగే రకం) కదా" అని దాటేస్తారు. కట్టడం నేర్చుకునేవాళ్లకు మొదటి పాఠంగా చూపించి, ఆ తర్వాత పెట్టెలో ఓ మూలకు తోసేస్తారు. ఇది పెద్ద అన్యాయం.

ఉత్తర ఇంగ్లండ్‌లో, యార్క్‌షైర్ లోయల్లో వార్ఫ్, యూర్, నిడ్ లాంటి రాళ్ల ఏళ్ల మీద పెరిగిన స్పైడర్ల, అంటే రెక్కల్లేకుండా పలచటి ఈకతో కట్టే వెట్ ఫ్లైల, కుటుంబం ఇది. 1885లో టి. ఈ. ప్రిట్ అనే రచయిత అక్కడి ఫ్లైలను ఒకచోట చేర్చి అచ్చువేసేనాటికే ఈ కట్టు వాడుకలో ఉంది. అప్పటి నుంచి దీనికి చేర్చాల్సినదేమీ పెద్దగా కనిపించలేదు.

హుక్: వెట్ ఫ్లై హుక్, 14 నంబరు (నంబరు పెరిగేకొద్దీ హుక్ చిన్నది). వేగపు నీటికి 12, నీరు తగ్గి తేటపడ్డప్పుడు 16.
ఒళ్లు: నారింజ రంగు పట్టుదారం. కట్టే దారమే ఒళ్లు, వేరే ఏదీ లేదు.
హ్యాకిల్ (కన్ను వెనక చుట్టే ఈక): గ్రే పార్ట్రిడ్జ్, అంటే బూడిదరంగు కౌజుపిట్ట, వీపు మీది గోధుమరంగు చారల ఈక. ఒకటిన్నర చుట్టు, మహా అయితే రెండు.

తోక లేదు, రెక్క లేదు, బరువు లేదు. దీని బలమంతా కొలతల్లో ఉంది. ఒళ్లు సన్నగా, పొట్టిగా ఉండి, హ్యాకిల్ పలచగా ఉంటే నీళ్లలో ఆ పోగులు ఒక్కొక్కటే కదులుతాయి. నీటి పైపొర కిందికి చేరి, పొర చీల్చుకుని బయటపడడానికి పెనుగులాడే పురుగుకు కాళ్లు అలాగే ఆడతాయి. చేప చూసేది ఆ కదలికనే. రెక్కలు, తోకలు పెట్టి అచ్చంగా పురుగులా కట్టిన ఫ్లై నీళ్లలో పుల్లలా కొయ్యబారి ఉంటే ఏం లాభం?

కట్టేవాళ్లు, వాడేవాళ్లు తమ పద్ధతులు వివరంగా రాయండి.

పట్టుపోగు

మంచి పని చేశారు. దారం సంగతి నేను మొదలుపెడతాను, ఎందుకంటే ఎక్కువమంది ఫ్లై చెడేది అక్కడే.

పాలియెస్టర్ దారంతో కడితే అది పార్ట్రిడ్జ్ అండ్ ఆరెంజ్ కాదు. పొడిగా ఉన్నప్పుడు రెండూ ఒకలాగే కనిపిస్తాయి. తడిపి చూడండి. పాలియెస్టర్ నారింజగానే మిగిలిపోతుంది. పట్టు నీళ్లు పీల్చి సగం పారదర్శకమవుతుంది, కింద ఉన్న హుక్ రంగు పైకి తేలుతుంది, మొత్తం ఒళ్లు తుప్పు కలిసిన గోధుమరంగులోకి దిగుతుంది. ఆ తడిరంగు కోసమే ఈ ఫ్లై. వసంతం మొదట్లో వచ్చే ఫిబ్రవరి రెడ్ అనే స్టోన్‌ఫ్లై పురుగు ఒళ్లు ఆ ఛాయే. వేసవి సాయంత్రాల్లో గుడ్లు పెట్టి నీళ్లలో పడిపోయే బ్లూ వింగ్డ్ ఆలివ్ అనే మేఫ్లై పురుగు ఆడ స్పిన్నర్ (ఎదిగిన చివరి దశ) కూడా అదే ఎరుపు నారింజ. ఒకే ఫ్లై రెండు కాలాల్లో పనిచేయడానికి కారణం ఇదే.

దీన్నిబట్టి హుక్ రంగు కూడా లెక్కలోకి వస్తుంది. నల్ల హుక్ మీద కడితే తడిసిన ఒళ్లు బాగా ముదురుతుంది. బ్రాంజ్ మీద మధ్యస్థం. వెండిరంగు, బంగారురంగు హుక్ మీద లోపల దీపం పెట్టినట్టు వెలుగుతుంది. మబ్బు పట్టి నీరు కొద్దిగా రంగు మారిన రోజు వెలుగు ఉన్నది, తేట నీటికి ముదురుది. రెండు రకాలూ కట్టిపెట్టుకోండి.

సంప్రదాయంగా వాడింది పియర్సాల్స్ గోసమర్, 6ఎ ఛాయ. దాని తయారీ ఆగిపోయింది. పాత నిల్వలు దొరికితే సరే, లేకపోతే కుట్టుపనికి అమ్మే సన్నటి అసలు పట్టుదారంలో నారింజ ఛాయలు రెండు మూడు తెచ్చుకుని, హుక్ కాడకు చుట్టి నీటిచుక్క వేసి చూసి ఎంచుకోండి. రీలు మీది పొడి రంగు చూసి ఎప్పుడూ కొనకండి.

మైనం మరచిపోవద్దు. చెప్పులు కుట్టేవాళ్లు వాడే ముదురు మైనం రాస్తే దారం రంగు ఒక మెట్టు దిగుతుంది, జారదు కూడా. తేనెమైనం రాస్తే రంగు పెద్దగా మారదు. ఒళ్లు మీద వార్నిష్ మాత్రం పూయకండి. పూస్తే పట్టు నీళ్లు పీల్చదు.

కొత్తగాలం

పట్టుపోగు గారూ, పట్టుదారం చేతిలో చాలాసార్లు తెగిపోతోంది. తెగకపోతే పోగులు విడిపోయి ఒళ్లు మీద నూగు లేస్తోంది. ఇంకోటి, ఒళ్లు ఎక్కడ ఆపాలి? కొందరు హుక్ వంపు దాకా తీసుకెళ్తున్నారు, కొందరు సగంలోనే ఆపుతున్నారు.

పట్టుపోగు

తెగడానికి మొదటి కారణం బాబిన్ (దారం రీలును పట్టి ఉంచే పనిముట్టు) గొట్టం. లోహపు గొట్టం అంచు కొద్దిగా గరుకుగా ఉన్నా పట్టును కోస్తుంది, పాలియెస్టర్ దాన్ని తట్టుకుంటుంది కాబట్టి అంతవరకు తెలియదు. సిరామిక్ గొట్టం ఉన్నది వాడండి, రీలు మీద బిగువు తగ్గించండి. రెండోది వేళ్లు. గోరు పక్కన లేచిన తోలుకు తగిలినా పోగు లేస్తుంది. అసలు బాబిన్ లేకుండా 30 సెంటీమీటర్ల దారం కోసుకుని, మైనం రాసి, చేత్తోనే చుట్టడం పాత పద్ధతి. ఒక్క ఫ్లైకి ఆ దారం చాలు.

నూగు లేవడం వేరే సంగతి. కుడిచేతివాటం వాళ్లు చుట్టే కొద్దీ దారానికి గడియారం దిశలో మెలి ఎక్కుతుంది, దారం గుండ్రంగా తాడులా అవుతుంది. ఐదారు చుట్లకోసారి బాబిన్‌ను వేలాడదీసి గడియారానికి ఎదురుదిశలో తిప్పితే దారం చదునుగా పరుచుకుంటుంది. చదును దారం చుట్టు పక్కన చుట్టుగా ఆనుకుని కూర్చుంటుంది. అయితే మెలి పూర్తిగా విప్పేస్తే పోగులు విడిపోయి మీరు చెప్పిన నూగే వస్తుంది. కొంచెం మెలి మిగల్చండి.

ఒళ్లు ఎక్కడ ఆపాలంటే, హుక్ మొనకు నేరుగా పైన. మొనకూ ముల్లుకూ మధ్యదాకా వెళ్లినా ఫరవాలేదు. అది దాటి వంపులోకి దిగితే ఫ్లై బరువుగా, పెద్దదిగా కనిపిస్తుంది. కన్ను దగ్గర మొదలుపెట్టి వెనక్కి ఒక పొర, మళ్లీ ముందుకు ఒక పొర, అంతే. మూడో పొర వేస్తే తడిసినా హుక్ రంగు పైకి రాదు.

కౌజుఈక

ఇక ఈక సంగతి.

చర్మం మొత్తంగా కొనండి, పొట్లంలో వచ్చే విడి ఈకలు వద్దు. పొట్లాల్లో ఎక్కువగా పెద్ద ఈకలే ఉంటాయి, అవి 10, 12 నంబర్లకు పనికొస్తాయి. 14, 16కు కావలసిన చిన్న ఈకలు మెడకూ భుజాలకూ దగ్గరగా కొన్నే ఉంటాయి. చర్మం చేతిలో ఉంటే ఏది ఎక్కడుందో చూసి తీసుకోవచ్చు. రొమ్ము దగ్గరి బూడిదరంగు ఈకలు ఈ ఫ్లైకి కావు, వాటిని వేరే కట్లకు దాచండి.

కొలత: ఈకను మధ్య ఈనె దగ్గర వంచితే పోగులు విచ్చుకుంటాయి. కన్ను దగ్గర పెట్టి చూస్తే పోగు చివర హుక్ వంపు దాకా రావాలి, ఒక మిల్లీమీటరు దాటినా తప్పులేదు. వంపుకు బాగా వెనక్కి వేలాడితే చేప ఆ చివర్లనే లాగి వదిలేస్తుంది.

కట్టడానికి రెండు దారులు. కొసతో కట్టడం తేలిక: మొదట్లో ఉన్న మెత్తటి నూగు తీసేసి, కొస పట్టుకుని మిగతా పోగుల్ని వెనక్కి దువ్వి, కొసను చిన్న త్రికోణంలా కత్తిరించి, దాన్ని కన్ను వెనక కట్టి చుట్టాలి. తల సన్నగా వస్తుంది. కానీ కొస దగ్గర ఈనె బలహీనం, హ్యాకిల్ ప్లయర్స్ (ఈకను పట్టుకునే చిన్న పట్టకారు) గట్టిగా లాగితే తెగుతుంది. దానికితోడు బయటి చుట్టు ఈనె ముందువైపు బయటకే ఉంటుంది కాబట్టి రెండు మూడు చేపల పళ్లకే హ్యాకిల్ ఊడిపోతుంది.

నేను నమ్మే దారి మొదలుతో కట్టడం. నూగు తీసేసిన ఈనెను కన్ను వెనకే కట్టండి, ఈక కొస కన్ను మీదుగా ముందుకు చూడాలి. ఆ ఈనె మీదుగానే దారాన్ని వెనక్కి తీసుకెళ్లి ఒళ్లు కట్టి, మళ్లీ ముందుకు వచ్చి, కన్నుకు ఒకటిన్నర మిల్లీమీటర్ల వెనక ఆపండి. ఇప్పుడు ఈకను ప్లయర్స్‌తో పట్టుకుని కన్ను నుంచి ఒళ్లు వైపు వెనక్కి రెండు చుట్లు. చుట్టేటప్పుడు మెరిసే ముఖం కన్ను వైపు, బోలుగా ఉన్న ముఖం వంపు వైపు ఉండాలి. అక్కడ ఎదురుచూస్తున్న దారంతో కొసను ఒక్క చుట్టుతో పట్టేసి, దారాన్ని అటూ ఇటూ ఊపుతూ పోగుల మధ్య నుంచి ముందుకు నడిపించి కన్ను దగ్గరికి చేర్చండి. ఆ దారం ఈనెను అడ్డంగా పట్టి ఉంచుతుంది. కొస కత్తిరించి, నాలుగు చుట్ల విప్ ఫినిష్ ముడి. తల మీద మాత్రం చుక్కంత వార్నిష్.

చుట్టేటప్పుడు ఈనె పుటుక్కున విరుగుతుంటే ఈక ఎండిపోయిందని అర్థం. తడిగుడ్డ మీద కాసేపు పెట్టి తీస్తే మెత్తబడుతుంది.

పోగులు ఎక్కువైపోతున్నాయా? కట్టకముందే ఈనెకు ఒక పక్క పోగులన్నీ పీకేయండి. అప్పుడు రెండు చుట్లు వేసినా హ్యాకిల్ పలచగానే ఉంటుంది.

వైజ్‌పక్కన

కౌజుఈక గారు చెప్పిన రెండో పద్ధతి 16 దాకా బాగుంటుంది. 18కి వెళ్తే సరిపోయే ఈక దాదాపు దొరకదు. దానికి ఒక ఉపాయం.

పెద్ద ఈకలో నుంచి పోగుల చిన్న కట్ట, కొసలు సమానంగా ఉండేలా పట్టుకుని కోయండి. ఒళ్లు కట్టకముందే, కొసలు కన్ను దాటి ముందుకు చూసేలా కన్ను వెనక పెట్టి, రెండు వదులు చుట్లు వేసి, బొటనవేలితో కిందికి నొక్కండి. పోగులు హుక్ కాడ చుట్టూ సర్దుకుంటాయి. అప్పుడు దారం బిగించి, మొదళ్లు కత్తిరించి, ఒళ్లు కట్టి ముందుకు రండి. చివర్లో పోగుల్ని వెనక్కి దువ్వి వాటి ముందు మూడు నాలుగు చుట్లు వేస్తే అవి వెనక్కి వాలి నిలబడతాయి. పోగు పొడవు మీ చేతిలో ఉంటుంది, ఈక సైజుతో పనిలేదు.

ఇందులో వచ్చే లోపం ఒకటే: పోగులు పైన ఒత్తుగా, కింద ఖాళీగా ఉండిపోవడం. మొదటి చుట్లు బిగించేస్తే అలా అవుతుంది. వదులుగా ఉన్నప్పుడే నొక్కాలి.

రాళ్లవాగు

అంతా బాగానే ఉంది గానీ, "దీనికి చేర్చాల్సినదేమీ లేదు" అన్నమాటతో నేను ఏకీభవించలేను, ఏటివాలు గారూ.

ఉత్త పట్టు ఒళ్లు ట్రౌట్ పళ్లకు ఆగదు. ఒక్క పోగు తెగిందంటే మొత్తం విప్పుకుంటుంది. సన్నటి బంగారు తీగ నాలుగు చుట్లు, దారానికి ఎదురుదిశలో వేస్తే దానికి కాపలా. రెండోది, వేగపు నీటిలో హ్యాకిల్ వెనక్కి పడుకుని ఒళ్లుకు అతుక్కుపోతుంది, కదలికే ఉండదు. హ్యాకిల్ వెనక కుందేలు ముఖం మీది వెంట్రుక చిటికెడు దారానికి మెలిపెట్టి (డబ్బింగ్ చేసి) రెండు చుట్లు వేస్తే అది పోగుల్ని నిలబెడుతుంది. పెద్ద ప్రవాహంలో ఈ తేడా కంటికి కనిపిస్తుంది.

ఏటివాలు

తీగ విషయంలో మీతో గొడవ లేదు. చాలామంది వేస్తారు, ఫ్లై స్వభావం చెడదు. కాకపోతే చాలా సన్నది కావాలి. లావు తీగ 16 నంబరు ఫ్లైని ముంచేస్తుంది.

వెంట్రుకల విషయంలో ఒప్పుకోను. హ్యాకిల్ అతుక్కుపోతోందంటే ఈక మరీ మెత్తనిదో, లేక ఫ్లై ప్రవాహానికి ఎదురుగా లాగబడుతోందో అయి ఉంటుంది. ఎక్కువగా రెండోదే. నీటితోపాటు కొట్టుకొచ్చే ఫ్లైకి పోగులు మూసుకోవు, తెరుచుకుని ఊపిరి పీలుస్తున్నట్టు ఆడతాయి. కాబట్టి మందు గాలం వేసే తీరులో వెతకాలి. కుందేలు వెంట్రుక వేసినది మంచి ఫ్లైయే, చేపలూ పడతాయి. కానీ అప్పుడు ముందుభాగం లావెక్కి, లోపలి నుంచి వెలిగే సన్నటి ఒళ్లు వెనక్కి పోతుంది.

రాళ్లవాగు

నీటితోపాటు వదిలినప్పుడు మీరన్నది నిజం. అడ్డంగా వేసి ఊగనిచ్చేటప్పుడు మాత్రం నా పెట్టెలో వెంట్రుక ఉన్నదే ముందుంటుంది. ఇద్దరం వేర్వేరు వాడుకల గురించి మాట్లాడుతున్నాం అనుకుంటా.

సన్నటిప్పెట్

సరిగ్గా అక్కడికే వచ్చారు. స్పైడర్ అంటే అడ్డంగా విసిరి దిగువకు ఊగనివ్వడం అనే అభిప్రాయం బలంగా ఉంది. దీన్ని ఎగువకు వేయడం ఎంతమంది చేస్తున్నారు? స్కాట్లండ్‌లో స్టీవర్ట్ 1857లోనే వెట్ ఫ్లైని ఎగువకు వేయాలని గట్టిగా వాదించాడు. చేప ఎప్పుడూ ప్రవాహానికి ఎదురుగా మొహం పెట్టి ఉంటుంది, వెనక నుంచి వచ్చే మనిషి దానికి కనపడడు. హుక్ కూడా నోటి మూలలో పడుతుంది.

సామాను: 10 అడుగుల రాడ్, 3 లేదా 4 నంబరు తేలే లైన్. బారు రాడ్ ఎందుకంటే లైన్ మొత్తం నీటి మీద పడకుండా ఎత్తి పట్టుకోవాలి. లీడర్ (లైన్ చివర కట్టే సన్న దారం) 9 నుంచి 12 అడుగులు, దాని చివర టిప్పెట్ (అన్నిటికన్నా సన్నటి ముక్క) 5ఎక్స్, అంటే 0.15 మి.మీ. పెద్ద చేపలున్న చోట కాస్త లావుది, 4ఎక్స్.

ఆరు నుంచి తొమ్మిది మీటర్లకు మించి వేయకండి. ఎగువకు కాస్త ఏటవాలుగా వేసి, ఫ్లైలు మీ వైపు కొట్టుకొస్తుంటే రాడ్ కొస పైకెత్తుతూ వదులు తీసేయాలి. లాగకూడదు, తీసేయాలంతే. నాలుగైదు సెకన్లు, మళ్లీ వేయడం. చేయి నొప్పి పుట్టేంత పని, అందుకే జనం మానేశారు. లైన్ నీటిని తాకే చోట చూపు పెట్టండి. అది ఆగినా, పక్కకు జరిగినా, చిన్నగా ముందుకు దూకినా వెంటనే రాడ్ ఎత్తండి. ఎగువకు వేసినప్పుడు ఆలస్యం పనికిరాదు, చేప ఉమ్మేస్తుంది.

మూడు ఫ్లైలు కట్టేవాళ్లకు: మధ్య దూరం 60 సెంటీమీటర్లకు తగ్గకూడదు, డ్రాపర్ (పై ఫ్లైలను కట్టే పక్క దారం) కొస 10 నుంచి 12 సెంటీమీటర్లు. అంతకన్నా బారుగా ఉంటే లీడర్‌కు చుట్టుకుంటుంది. ముడి మూడు మెలికల వాటర్ నాట్, తడిపి బిగించాలి. డ్రాపర్‌గా పై నుంచి వచ్చే లీడర్ కొసనే వాడండి, కొత్తగా చేర్చిన ముక్క కొసను కాదు. అప్పుడు చేప బరువు తెగని దారం మీదే పడుతుంది. చివర పార్ట్రిడ్జ్ అండ్ ఆరెంజ్, మధ్యలో స్నైప్ అండ్ పర్పుల్, పైన వాటర్‌హెన్ బ్లోవా అనే స్పైడర్లు. వసంతంలో ఈ మూడింటి జట్టుకు తిరుగులేదు.

కొత్తగాలం

దిగువకు ఊగనిచ్చేటప్పుడు టక్ టక్‌మని తగులుతున్నాయి గానీ ఒక్కటీ పడడం లేదు. హుక్ మొన పదునుగానే ఉంది. ఏం చేయాలి? మరొకటి, కొత్త ఫ్లై మొదటి నాలుగైదు సార్లు నీటి మీదే తేలిపోతోంది.

రాళ్లవాగు

తేలడం చిన్న సంగతి. కొత్త ఈకలో గాలి, నూనె ఉంటాయి. వేసేముందు ఫ్లైని నీళ్లలో ముంచి వేళ్ల మధ్య నలపండి, తడి బురద రాసి కడిగేసినా చాలు. టిప్పెట్ చివరి మీటరుకు జిడ్డు ఉంటే అది కూడా తేలి ఫ్లైని పట్టుకుంటుంది, దాన్నీ తుడవండి.

తగిలి పడకపోవడానికి కారణం వేగం, బిగువు. అడ్డంగా వేసిన లైన్ మధ్యలో ప్రవాహం పొట్టలా ఉబ్బిస్తుంది, ఆ పొట్ట ఫ్లైని కొరడాలా లాక్కెళ్తుంది. చేప వెంటపడి వెనక కొస కొరికి వదిలేస్తుంది. లైన్ నీటిని తాకగానే ఎగువకు ఒక మెండ్ చేయండి (లైన్‌ను ఎత్తి ఎగువ వైపు వేయడం), ఉబ్బు మళ్లీ వచ్చిన ప్రతిసారీ ఇంకోటి. నేరుగా అడ్డంగా వేయడం మాని 45 డిగ్రీలు దిగువకు వేస్తే వేగం తగ్గుతుంది.

బిగువు గురించి: రాడ్‌ను లైన్‌కు నేరుగా గురిపెట్టి పట్టుకుంటే చేప నేరుగా రీలును లాగినట్టే, నోరు మూసేలోపు ఫ్లై ఎదురుతన్నుతుంది. రాడ్ కొసను కొంచెం ఎత్తి, రీలుకూ వేలికీ మధ్య ఒక జానెడు లైన్ వదులుగా వేలాడనివ్వండి. తగలగానే ఝాడించకండి. ఆ వదులు పోయేదాకా ఆగి, బరువు తెలిశాక రాడ్ పైకి ఎత్తితే చాలు. చేప తిరిగి తన చోటికి వెళ్లేటప్పుడు హుక్ దానంతటదే మూలకు చేరుతుంది.

ఊగడం పూర్తయ్యాక ఫ్లై మీకు సూటిగా దిగువన వేలాడుతున్నప్పుడు వెంటనే తీసేయకండి. రెండు మూడు సెకన్లు ఆగి, రాడ్‌ను నెమ్మదిగా పైకి ఎత్తండి. పైకి ఈదే పురుగులా లేచిన ఆ క్షణంలో వచ్చే చేపలు తక్కువేమీ కాదు.

కొత్తగాలం

అందరికీ చాలా థాంక్స్ అండీ. చివరగా ఒక్కటి. కౌజుపిట్ట చర్మం దొరికేదాకా వేరే ఈక వాడొచ్చా?

కౌజుఈక

చారలున్న గోధుమరంగు కోడిపెట్ట వీపు ఈక వాడండి. మెత్తగా ఉంటుంది, చిన్న సైజులు పుష్కలం, ఈనె సన్నగా ఉండి తల కూడా శుభ్రంగా వస్తుంది. పోగు మీద మచ్చలు అంత తేటగా ఉండవు, ఒక చుట్టు తక్కువ వేయండి. గ్రౌస్ పక్షి ఈక దొరికితే ఇంకా మంచిది, కాస్త ముదురు. పుంజు మెడ ఈక మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు, అది డ్రై ఫ్లై (నీటి మీద తేలే రకం) ఈక. పోగులు బిరుసుగా నిలబడి ఫ్లైని తేలుస్తాయి.

చర్మం వచ్చాక ముందు దాన్ని గాలి చొరని సంచిలో పెట్టి కొన్నాళ్లు ఫ్రీజర్‌లో ఉంచండి, బయటికి తీసి మామూలు వేడికి వచ్చాక మళ్లీ ఒకసారి. ఈకలు తినే పురుగు గుడ్లు ఒక్క చర్మంలో వచ్చినా పెట్టెలో ఉన్న మిగతావన్నీ పోతాయి.

వైజ్‌పక్కన

పెట్ట ఈక వాడుతుంటే కొసతో కట్టే పద్ధతే చాలు, దాని ఈనె చివరిదాకా ఒకే సన్నదనంతో సాగుతుంది. ముందు 12 నంబరు హుక్ మీద ఓ డజను కట్టి, ఒక్కోదాన్నీ గ్లాసు నీళ్లలో వేసి పక్క నుంచి చూడండి. పోగుల మధ్య నుంచి ఒళ్లు కనిపించకపోతే తర్వాతదానికి అర చుట్టు తగ్గించండి.